చెన్నపురి పేటలు, వోట్లు, పక్షములు

దేశచరిత్ర యనగానే మనకు మహాసభలు, శాసనసభలు, సత్యాగ్రహములు జ్ఞప్తికి వచ్చును. మురికికాలువను గూర్చియు, వీధిదీపమును గూర్చియు, కుళాయి నీటిని గూర్చియు జరిగిన వాదములు కూడ చరిత్రయే యని సామాన్యముగా తోచదు. అయినను చెన్నపట్టణమువంటి నగరములలో ప్రజలు మొట్టమొదట వోటు వేసినది శాసనసభ్యునికి కాదు. తమ పేట బాగోగులు చూచు మనిషికి. వోటు అడుగుట, వోటు వేయుట, ఓడినవారి మాటను గెలిచినవారు చెవినిడుట అను విద్యలు అచ్చటనే అలవడసాగినవి. ఆ విద్యాభ్యాసము ఎట్లు జరిగినదో, అందు ఎవరికి ప్రవేశము లభించినదో, ఎవరు గుమ్మము వెలుపలనే నిలిచిపోయిరో ఈ ప్రసంగములో కొంత పరిశీలింతము.

ఇందులకు చెన్నపట్టణమునే గైకొనుటకు కారణము కలదు. 1639లో ఇంగ్లీషు కంపెనీవారు ఆ సముద్రతీరమున స్థలము సంపాదించిననాటినుండి ఆ నగరచరిత్రలో తెలుగువారి పేర్లు వినవచ్చుచునే యున్నవి. కంపెనీకి దుబాసియైన బేరి తిమ్మన్న అట్టివారిలో మొదటివాడు. 1953 వరకు ఆంధ్ర జిల్లాలకు అదియే రాజధాని. మన వకీళ్లు వాదించినది అచ్చటి హైకోర్టులో; మన విద్యార్థులు పట్టము పుచ్చుకొన్నది అచ్చటి విశ్వవిద్యాలయములో. 1914 నుండి ఆంధ్రపత్రిక దినపత్రికగా వెలువడినది అచ్చటనే. రిపన్ భవనము పూర్తియగు వరకు, అనగా 1913 వరకు, ఆ నగర పురపాలక సంఘము పనిచేసిన వీధి పేరే ఎర్రబాలుచెట్టి వీధి. కావున ఇది పొరుగువారి కథ కాదు.

పురపాలక సంఘమునకు అచ్చట మిక్కిలి పూర్వచరిత్ర కలదు. 1687 డిసెంబరులో కంపెనీ ఇచ్చిన శాసనపత్రము ననుసరించి 1688 సెప్టెంబరు 29న చెన్నపట్టణపు కార్పొరేషను అవతరించెను. ఒక మేయరు, 12 మంది ఆల్డర్మెన్, 60 మంది బర్గెసులు అందు సభ్యులు. ఆ ఆల్డర్మెనులలో చిన్న వెంకటాద్రి, ముద్దు వీరన్న మున్నగు ఈ దేశపు వర్తకులును ఉండిరి. ఈ ఏర్పాటు కంపెనీవారి ఔదార్యము వలన వచ్చినదని భ్రమపడరాదు. అంతకు కొలదికాలము పూర్వము ఇంటిపన్ను విధింపబూనగా పట్టణవాసులు ఎదురు తిరిగియుండిరి. పైనుండి ఎవరో విధించిన పన్నుకంటె తమవారు కూర్చుండి విధించిన పన్నును ప్రజలు సులభముగా చెల్లింతురని లండనులోని కంపెనీ పెద్ద సర్ జోషయా చైల్డు తలపోసెను. పన్ను రాబట్టుట మొదటి ఉద్దేశము. ప్రాతినిధ్యము దానికి కట్టిన పసుపుతాడు. ఆ సభ్యులలో ఒక్కరినైనను పేటల ప్రజలు వోటు వేసి పంపినవారు లేరు.

తరువాత దాదాపు రెండు శతాబ్దులు నగరపాలనము అధికారుల చేతిలోనే సాగెను. 1867 నాటి చట్టము నగరమును 8 డివిజనులుగా విభజించెను. డివిజనుకు నలుగురు చొప్పున 32 మంది కమీషనర్లు. కాని వారందరును ప్రభుత్వము నియమించినవారే. పేట పేరు ఒకటి, పేటకు ప్రతినిధి యనబడు పెద్దమనిషి ఒకడు ఏర్పడినను, వానిని ఆ పేట ఎన్నుకొనలేదు. ఆ కాలమున చెన్నపట్టణపు జనసంఖ్య సుమారు 4 లక్షలు.

1878లో తొలిసారిగా తలుపు కొంచెము తెరచుకొన్నది. ఆ 32 మందిలో సగము మందిని పన్ను చెల్లించువారు ఎన్నుకొనవచ్చునని ఆ యేటి చట్టము నిర్ణయించెను. హిందూ పత్రిక పుట్టినదియు ఆ సంవత్సరముననే. ముత్తుస్వామి అయ్యరుగారిని హైకోర్టు న్యాయమూర్తిగా నియమించుటను కొన్ని ఆంగ్ల పత్రికలు నిందింపగా, బదులు చెప్పుటకై కొందరు యువకులు అప్పు తెచ్చి ఆ పత్రికను నెలకొల్పిరి. 1882లో రిపన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చి తన సుప్రసిద్ధమైన తీర్మానమును వెలువరించెను. ఆ తీర్మానపు ఫలితముగా 1884 చట్టము ఎన్నికైన సభ్యుల సంఖ్యను 16 నుండి 24కు పెంచెను. అదే 1884లో మదరాసు మహాజనసభ స్థాపితమయ్యెను. దాని మొదటి అధ్యక్షులు పి. రంగయ్యనాయుడుగారు. చిత్తూరు ప్రాంతమునుండి వచ్చి చెన్నపట్టణమున ప్లీడరుగా పేరుపొందిన పనప్పాకము ఆనందాచార్యులుగారు ఆ సభాస్థాపకులలో నొకరు. వారే 1891లో నాగపురపు కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించిరి. పత్రిక, సభ, వోటు ఈ మూడును చెన్నపట్టణమున ఆరేండ్లలో ఒకదానివెంట నొకటి వచ్చినవి. ఒకటి లేనిదే రెండవది బలపడియుండెడిది కాదు.

అయితే వోటు ఎవరికి? ఈ ప్రశ్నను మనము మరువరాదు. నిర్ణీతమైన మొత్తమునకు తక్కువగాకుండ పన్ను చెల్లించిన వారికే జాబితాలో చోటు. ఇల్లు కలవాడు, దుకాణము కలవాడు, వృత్తి పన్ను చెల్లించు వకీలు లేక వైద్యుడు వోటరు. కాలువ త్రవ్వువాడు, రేవులో మూటలు మోయువాడు, పాకీపని చేయువాడు, మిల్లులో నూలు వడకువాడు వోటరు కాడు. నగరమును శుభ్రముగా నుంచువారికి నగరపాలనములో మాట లేకుండెను. ఈ లోపము ఆనాటివారికి లోపముగ తోచలేదు. పన్ను ఇచ్చువాడే లెక్క అడుగవలెనను సూత్రము ఇంగ్లండునుండి వచ్చినది; మన పెద్దలును దానిని ప్రశ్నింపలేదు. ఇంతకును జోషయా చైల్డు వేసిన పునాదియే అది.

ఆ తొలినాటి ఎన్నికలలో నేటివలె పక్షములు, వాని పతాకలు, ప్రణాళికలు లేవు. పేటలో పలుకుబడి కల వర్తకుడో, దేవస్థాన ధర్మకర్తయో, పేరుపడ్డ వకీలో నిలుచును. కులము, వ్యాపారబంధము, ఆలయ వ్యవహారము, కోర్టు పరిచయము ఇవియే వోట్లను కూర్చు సూత్రములు. అయినను రాజకీయములలో జట్లు లేకపోలేదు. ఆ జట్లకు పేటల పేర్లే పెట్టుట చెన్నపట్టణపు విశేషము. మైలాపురమున నివసించు న్యాయవాదుల బృందమును మైలాపురపు జట్టనియు, దానికి ప్రతిగా నిలిచినవారిని ఎగ్మూరు జట్టనియు వ్యవహరించిరి. భాష్యం అయ్యంగారు, వి. కృష్ణస్వామి అయ్యరు, పి.ఎస్. శివస్వామి అయ్యరు మొదలగువారు మొదటి జట్టువారు. సి. శంకరన్ నాయరు, కస్తూరిరంగ అయ్యంగారు మొదలగువారు రెండవ జట్టువారు. సిద్ధాంతభేదముకంటె పదవులలోను, పలుకుబడిలోను పోటీయే ఇచ్చట ప్రధానము. ఒక నగరములోని రెండు నివాసస్థలముల పేర్లు రాజధాని యంతటి రాజకీయములకును గుర్తులైనవి.

ఎన్నికైనవారు నోరు విప్పిన కొలదిని ప్రభుత్వమునకు కంటగింపు కలుగుట సహజము. ఈ కంటగింపు మొదట కలకత్తాలో బయటపడినది. 1899లో అచ్చటి కార్పొరేషనులో ఎన్నికైనవారి బలమును తగ్గించు చట్టము రాగా, సురేంద్రనాథ బెనర్జీగారును మరి 27 మంది కమీషనర్లును ఒక్కుమ్మడి రాజీనామా ఇచ్చి బయటికి వచ్చిరి. ఆ గాలియే కొలదికాలమునకు దక్షిణమునకు వీచెను. 1904 నాటి మదరాసు చట్టము సభ్యుల మొత్తమును 36కు పెంచెను కాని డివిజనులనుండి ఎన్నికగువారిని 24 నుండి 20కి తగ్గించెను. తక్కిన స్థానములలో కొన్నిటిని యూరోపియను వర్తకుల సంఘములకు ఇచ్చి, కొన్నిటిని తన నియామకమున కుంచుకొన్నది. మొత్తము పెరిగెను, ప్రజల పాలు తరిగెను. నగర జనసంఖ్య అప్పటికి 5 లక్షలు దాటియుండెను.

ఈ 20 మందిలో ఇద్దరి కథ మనకు ముఖ్యము. ఒకరు పిట్టి త్యాగరాయచెట్టిగారు. ఇంటిభాష తెలుగు, దేవాంగ కులమువారు, చాకలిపేటలో మగ్గములు నడిపి వస్త్రవ్యాపారము చేసినవారు. 1882లో కార్పొరేషనులో ప్రవేశించి సుమారు నలువది సంవత్సరములు ఆ సంఘమును విడువలేదు. రెండవవారు డాక్టరు టి.ఎం. నాయరుగారు. మలబారునుండి వచ్చి, ఎడింబరోలో వైద్యము చదివి, 1904లో తిరువల్లిక్కేణి పక్షమున సభ్యులైరి. ఒకరు ఆచారపరులైన వర్తకులు. ఒకరు పాశ్చాత్య విద్య నభ్యసించిన వైద్యులు. తిరువల్లిక్కేణిలోని పార్థసారథిస్వామి ఆలయపు కోనేటి నీటి విషయమై ఇరువురికిని తీవ్రమైన వైరము ఏర్పడెను. తుదకు నాయరుగారు కార్పొరేషనునుండి రాజీనామా ఇచ్చి తొలగిరి.

ఒక కోనేటి నీటికై ఇంత కలహమా యని నేడు నవ్వు రావచ్చును. కాని స్థానిక రాజకీయము యొక్క స్వభావమే యది. కోనేటికి పోవు నీరు కుళాయిలకు తగ్గవచ్చును. కుళాయికి పోవు నీరు దేవుని ఉత్సవమునకు తగ్గవచ్చును. చెన్నపట్టణమునకు ఎఱ్ఱకొండల చెరువునుండి నీరు తెచ్చు ఏర్పాటు 1872లో జరిగినది. కీల్పాకములో నీటిని వడపోయు ఏర్పాటు 1914లో గాని పూర్తి కాలేదు. నది లేని ఊరు కాదు గాని, కూవము నీరు త్రాగదగినది కాదు. అట్టి ఊరిలో నీటిని గూర్చిన వాదము విశ్వాసమును గూర్చిన వాదముగను, ఆరోగ్యమును గూర్చిన వాదముగను, అభిమానమును గూర్చిన వాదముగను ఏకకాలమున మారుట వింత కాదు.

వింత యేమనగా ఆ ఇద్దరు ప్రత్యర్థులే తరువాత చేయి కలిపిరి. డాక్టరు సి. నటేశ మొదలియారుగారి ప్రయత్నము ఫలించి 1916 నవంబరు 20న చెన్నపట్టణమున జరిగిన సమావేశములో త్యాగరాయచెట్టిగారు, నాయరుగారు ఒకే వేదికపై నిలిచిరి. ఆ సమావేశమునుండి పుట్టినదే దక్షిణభారత ప్రజాసంఘము. 1917లో వెలువడిన ‘జస్టిస్’ పత్రిక పేరుతో అది జస్టిస్ పక్షముగా ప్రసిద్ధి చెందెను. ఉద్యోగములలోను, విద్యలోను, సభలలోను బ్రాహ్మణేతరులకు తగిన భాగము రావలెనని దాని వాదము. కాంగ్రెసువారు దానిని చీలిక యనిరి. ఆ పక్షమువారు దానిని న్యాయమనిరి. ఆ వాదములోని గుణదోషముల విచారణ ఈ ప్రసంగమునకు మించినది. మేము గమనింపగోరునది ఒక్కటే: రాజధాని యంతటను పాకిన ఆ పక్షమునకు నాయకులైన ఇరువురును పేటల వోట్లతో, కాలువల తగవులతో, కోనేటి తీర్మానములతో ఆరితేరినవారు.

1919 చట్టముతో కార్పొరేషను స్వరూపము మారెను. సభ్యులు 50 మంది. వారిలో 30 మంది డివిజనులనుండి ఎన్నికగువారు. అంతవరకు అధికారియే అధ్యక్షుడు; ఇక సభ్యులు ఎన్నుకొన్నవారే అధ్యక్షులు. త్యాగరాయచెట్టిగారు ఆ పీఠము నెక్కిన మొదటి అధికారేతరులు. 1920 డిసెంబరులో రాష్ట్రమున ప్రధానమంత్రి పదవి వారికి అందివచ్చినను దానిని స్వీకరింపక కార్పొరేషనునే అంటిపెట్టుకొనియుండిరి. పదవులకై పరుగులిడు కాలమున ఇది ఆలోచింపదగిన విషయము.

ఆయన అధ్యక్షతలో 1920 సెప్టెంబరు 16న కార్పొరేషను ఒక చిన్న తీర్మానము చేసెను. వెయ్యిదీపాల పేటయందలి, అనగా థౌజండు లైట్సునందలి, తమ పాఠశాలలో పేదరికము వలన పిల్లలు బడి మానుచున్నారు. కావున విద్యార్థి యొక్కంటికి దినమునకు ఒక అణాకు మించని వ్యయముతో మధ్యాహ్నము ఆహారము పెట్టవలెనని ఆ తీర్మానపు సారాంశము. కొలదికాలమునకు మరి కొన్ని పాఠశాలలకును ఈ ఏర్పాటు విస్తరించెను. దక్షిణదేశమున తరువాతి కాలములో ఎంతో పేరు పొందిన మధ్యాహ్న భోజన పథకములకు ఇది మూలము.

ఈ అణా కథలో ఒక విశేషము కలదు. ఆ పిల్లలకు వోటు లేదు, అది సహజమే. ఆ పిల్లల తండ్రులలోను బహుళముగ వోటు లేనివారే. ఒక అణాకు భోజనము పెట్టనిదే బడికి రాలేని బిడ్డ తండ్రి, ఏ పన్ను కట్టి జాబితాకెక్కును? అనగా పన్నుదారుల వోట్లతో గెలిచిన సభ్యులు పన్నుదారుల ధనమును వోటరు కాని వాని బిడ్డకై వెచ్చించిరి. జోషయా చైల్డు సూత్రములో ఈ ఖర్చునకు తావు లేదు. చెన్నపట్టణపు పురపాలనములో మేము అన్నిటికంటె గొప్పదిగా నెంచునది ఈ తీర్మానమే.

వోటు లేనివారు ఊరకుండిరని కూడ తలంపరాదు. 1918 ఏప్రిలు 27న పెరంబూరు ప్రాంతపు మిల్లు కార్మికులు బి.పి. వాడియాగారి నాయకత్వమున మదరాసు లేబరు యూనియనును స్థాపించుకొనిరి. భారతదేశమున క్రమబద్ధముగ నేర్పడిన తొలి కార్మికసంఘములలో అది యొకటి. 1921లో బకింగ్‌హాం, కర్ణాటిక్ మిల్లులలో దీర్ఘకాలము సమ్మె సాగినప్పుడు పులియంతోపు ప్రాంతమున కార్మికులలోనే వర్ణహిందువులకును ఆదిద్రావిడులకును నడుమ ఘర్షణలు చెలరేగి గుడిసెలు తగులబడినవి. ఆ సమ్మెపై నగరములోని పక్షములు రెండుగా చీలినవి. వోటర్ల జాబితాలో పేరు లేని వేలాది మనుష్యులు నగర రాజకీయమునకు కేంద్రమైరి. ఇక వారిని లెక్కింపక తప్పదని వివేకులు గ్రహించిరి.

అణా భోజనము మాత్రము నిలువలేదు. ప్రాథమిక విద్యానిధినుండి ఈ ఖర్చు చేయుటకు ప్రభుత్వము అనుమతింపనందున 1925 ఏప్రిలు 1 నుండి అది ఆగిపోయెను. అప్పుడు రాష్ట్రమున మంత్రిత్వము నెరపుచున్నది త్యాగరాయచెట్టిగారి పక్షమే యైనను ఫలము లేకపోయెను. ఆ యేటనే త్యాగరాయచెట్టిగారు పరమపదించిరి. ద్వంద్వప్రభుత్వమనబడు ఆనాటి ఏర్పాటులో ఎన్నికైన మంత్రులకు ఎంత స్వేచ్ఛ యుండెనో, ఎన్నికైన పురపాలకులకు ఎంత స్వేచ్ఛ యుండెనో తెలియుటకు ఈ ఒక్క నిదర్శనము చాలును. పిల్లవాని పళ్లెమువరకు వచ్చిన అన్నమును సచివాలయములోని ఒక ఉత్తరువు వెనుకకు తీసికొనగలిగెను.

ఇంతలో కాంగ్రెసువారును పురపాలక సంఘముల విలువను గుర్తించిరి. 1924లో చిత్తరంజనదాసుగారు కలకత్తా మేయరైరి. వల్లభభాయి పటేలుగారు అహమ్మదాబాదులోను, రాజేంద్రప్రసాదుగారు పాట్నాలోను, జవహరులాలుగారు అలహాబాదులోను ఆ కాలముననే పురపాలక సంఘములకు అధ్యక్షులైరి. మనవారిలో టంగుటూరి ప్రకాశము పంతులుగారు ఈ శిక్షణను ఇంకను ముందే, శతాబ్దారంభమున, రాజమహేంద్రవరపు పురపాలక సంఘాధ్యక్షులుగా పొందియుండిరి. చెన్నపట్టణమున స్వరాజ్యపక్షమువారు ఎస్. సత్యమూర్తిగారి వంటి వక్తల సాయముతో డివిజను ఎన్నికలలో దిగిరి. అంతవరకు వీధిలోని పెద్దమనిషికి వేసిన వోటు ఇక పక్షమునకు వేయు వోటు కాజొచ్చెను. దీనివలన లాభమును కలదు, నష్టమును కలదు. పేదవాని కోరిక పక్షపు ప్రణాళికలో చేరుట లాభము. పేట కాలువ సంగతి దేశపు పెద్ద సమస్యలనడుమ మరుగుపడుట నష్టము.

రేడియో శ్రోతలకు ప్రత్యేకముగ చెప్పవలసిన విషయ మొకటి ఇచ్చట కలదు. 1924లో చెన్నపట్టణమున కొందరు ఉత్సాహవంతులు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బును స్థాపించి ప్రసారములు జరిపిరి. ధనాభావముచే అది 1927లో మూతపడెను. ఆ యంత్రమును గైకొని 1930 ఏప్రిలు 1 నుండి ప్రతిదినము ప్రసారములు జరిపినది మరెవరో కాదు, చెన్నపురి కార్పొరేషనే. సాయంకాలము సంగీతము, బడిపిల్లలకు పాఠములు వినిపించిరి. ఇంటిలో రేడియో కొనలేనివారు వినుటకు సముద్రతీరమున, ఉద్యానవనములలో ధ్వనివర్ధకములు అమర్చిరి. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో కేంద్రము ప్రారంభమగువరకు ఈ సేవ సాగెను. ఆ ఇసుకపై కూర్చుండి పాట విన్నవానిని వోటరువా, పన్ను కట్టితివా యని ఎవరును అడుగలేదు. మా వృత్తికి దక్షిణదేశమున తొలి పోషకులు పేటలనుండి వచ్చిన ఈ కౌన్సిలర్లే యని చెప్పుకొనుటకు మేము సంతసింతుము.

1933లో కార్పొరేషను అధ్యక్షునికి మేయరు అను పాతపేరు తిరిగి వచ్చెను. కుమారరాజా ముత్తయ్య చెట్టియారుగారు ఆ హోదా పొందిన మొదటివారు. 1936 అక్టోబరు ఎన్నికలలో కాంగ్రెసు విజయము పొందెను. కొన్ని నెలలకే, 1937 ఆరంభమున, రాష్ట్ర శాసనసభ ఎన్నికలలో జస్టిస్ పక్షము పూర్తిగా కూలిపోయి కాంగ్రెసు అధికారమునకు వచ్చెను. రాష్ట్రమున రానున్నదానిని నగరపు పేటలు ముందే తెలిపినవి. 1937లో జె. శివషణ్ముగం పిళ్లెగారు మేయరైరి. షెడ్యూల్డు కులములవారిలో ఆ పదవి నలంకరించిన మొదటివారు వారే. తరువాత కొలది సంవత్సరములకు ఎన్. శివరాజుగారును ఆ పీఠముపై కూర్చుండిరి. 1878లో ఏ కులముల వారిని వోటరుగనే తలంపలేదో, ఆ కులములవారు అరువది యేండ్లలో నగరపు ప్రథమ పౌరులైరి. ఈ అరువది యేండ్లును ఎవరో దానము చేసినవి కావు. సభలలోను, సంఘములలోను, వీధులలోను శ్రమించి గడించినవి.

1939లో మేయరైన సత్యమూర్తిగారు ఆ పదవిలో నుండినది ఒక్క సంవత్సరమే. వారు పట్టుకొన్నది మరల ఆ పాత సమస్యయే, నీరు. ఎఱ్ఱకొండల చెరువు పెరుగుచున్న నగరమునకు చాలదు. నగరమునకు పశ్చిమమున పూండి గ్రామమువద్ద కొసస్థలి నదికి అడ్డుకట్ట కట్టి జలాశయము నిర్మింపవలెనని పట్టుపట్టి, యుద్ధకాలమున ప్రభుత్వమును ఒప్పించిరి. 1940 ఆగస్టులో శంకుస్థాపన జరిగెను. 1944లో జలాశయము పూర్తియయ్యెను. కాని దానిని చూచుటకు సత్యమూర్తిగారు లేరు. 1943 మార్చిలోనే మరణించిరి. నేడు ఆ జలాశయమునకు వారి పేరే. తిరువల్లిక్కేణి కోనేటి తగవునుండి పూండి జలాశయమువరకు గల దూరమే ఆ కాలపు పురపాలనము నడచిన దూరమని మాకు తోచును.

1953లో ఇదే సభామందిరము తెలుగువారికి చేదు జ్ఞాపకమైనది. ఆంధ్రరాష్ట్రము ఏర్పడు తరుణమున ‘చెన్నపట్టణ మెవరిది?’ అను ప్రశ్న తీవ్రముగ లేచెను. మేయరు చెంగల్వరాయన్ గారి నాయకత్వమున కార్పొరేషను నగరము తమిళులకే చెందవలెనని తీర్మానించెను. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా మన రాష్ట్రము అవతరించెను. మనకు అది బాధ కలిగించిన మాట నిజమే. ఒక్క విషయము మాత్రము నిష్పక్షపాతముగ ఒప్పుకొనవలెను. బేరి తిమ్మన్ననుండి త్యాగరాయచెట్టివరకు తెలుగువారు ఆ నగరమును కట్టుటలో పాలుపంచుకొనిరి. కాని నగరము కట్టినవారి వారసులది మాత్రమే కాదు. అందు నివసించి వోటు వేయువారిది. వోటు అను ఆయుధమునకు పదును పెట్టినవారిలో మనవారును ఉన్నందున, అది మనకు ప్రతికూలముగ తీర్పు చెప్పినపుడు దానిని నిందించుటకు వీలు లేదు.

తరువాతి చరిత్రను క్లుప్తముగ చెప్పి ముగింతము. 1959లో ద్రావిడ మున్నేట్ర కళగము ఆ కార్పొరేషనులో తన మొదటి మేయరును నిలుపుకొన్నది. ఎనిమిదేండ్లకు, 1967లో, రాష్ట్రమే దాని వశమయ్యెను. పేటల జోస్యము మరల ఫలించెను. ఆంగ్లేయులు పోయిన తరువాత స్థానిక స్వపరిపాలనమునకు అడ్డులు తొలగినవని మనము తలంతుము. కాని 1973లో కౌన్సిలు రద్దు కాగా 1996 వరకు, అనగా దాదాపు 23 సంవత్సరములు, ఆ నగరమున పేటల ఎన్నికలే జరుగలేదు. మరల 2016 నుండి 2022 వరకు అట్టి విరామమే వచ్చెను. 1904లో పరప్రభుత్వము 24ను 20 చేసినది. స్వప్రభుత్వమున 1973లో అది సున్న యయ్యెను. 2022లో ఎన్నికలు జరిగి ఉత్తర చెన్నపట్టణపు పేటనుండి ఎన్నికైన ఆర్. ప్రియ అను దళిత యువతి మేయరు పీఠమెక్కినపుడు, 1878లో తెరచుకొన్న ఆ తలుపు ఎంత వెడల్పైనదో స్పష్టమయ్యెను. నడుమ ఎన్నిసార్లు మూసికొన్నదో కూడ గుర్తుంచుకొనవలెను.

మన ఊరిలో పురపాలక సంఘపు ఎన్నికలు వచ్చినపుడు ఇది చిన్న ఎన్నికయని, పోయి వేయకున్నను కొరత లేదని అనుకొనువారు కలరు. అట్టివారు 1920 నాటి ఆ వెయ్యిదీపాల బడిని తలచుకొందురు గాక. అచ్చట మధ్యాహ్నవేళ పళ్లెముముందు కూర్చుండిన బిడ్డకు ఏ పక్షము పేరును తెలియదు, ఏ డివిజను సంఖ్యయు తెలియదు. ఎవరో కొందరు తమ పేటనుండి ఒక మనిషిని పంపినందున ఆ దినము వాని ఆకలి తీరెను.